సాక్షిని పరీక్షించుట అవిశ్వాసమా?

వాక్యభాగము: లూకా 1:1–4, అపొ. కార్య. 17:10–12



మన బిడ్డలు అరకులోను విశాఖపట్నములోను కాలేజీ చదువులు చదివి సెలవులకు ఇంటికి వచ్చుచున్నారు. వారిలో కొందరు అడుగుచున్న ప్రశ్న ఒకటి పెద్దలను కలవరపెట్టుచున్నది. "బైబిలులో వ్రాసినవి నిజముగా జరిగినవా? రుజువేమి?" అని వారడుగుచున్నారు. అట్లడుగుట అవిశ్వాసమని కొందరు వారి నోరు మూయించెదరు. మరికొందరు తమకు తెలియని రుజువులను తెలిసినట్టు చెప్పెదరు. ఈ రెండు మార్గములును మంచివి కావు.

ఒక సంగతి నిజమని మనమెట్లు తెలిసికొందుము? మన బొర్రా గుహలనే తీసికొందము. మేత మేయుచున్న ఆవు ఒకటి పైనున్న రంధ్రములోనుండి లోపల పడెననియు, దానిని వెదకుచు వెళ్లిన కాపరి గుహను చూచెననియు మన పెద్దలు చెప్పుదురు. 1807లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగు అను దొర వీటిని కనుగొనెనని అనేక పుస్తకములలో అచ్చయి యున్నది. చదువుకొన్నవారు పెద్దల మాటను కట్టుకథ అనియు, అచ్చయినదానిని చరిత్ర అనియు అందురు. అయితే ఆ శాఖ ఏర్పడినది 1851లో. ఇంకను పుట్టని శాఖలో ఒకడు 44 సంవత్సరముల ముందు ఎట్లు ఉద్యోగము చేసెను? ఆ సంవత్సరమైనను తప్పు, ఆ ఉద్యోగమైనను తప్పు. అచ్చయినంత మాత్రమున ఏదియు నిజము కాదు. నోటిమాట అయినంత మాత్రమున ఏదియు అబద్ధము కాదు. మరియు తేదీ తప్పినంత మాత్రమున గుహలు లేకుండ పోవు.

మన కొండలలో ఈ సంగతి భూమి విషయములో బాగుగా తెలియును. తాతల కాలమునుండి పోడు చేసికొన్నవారి యొద్ద కాగితములు ఎక్కడివి? 2006లో చేసిన అటవీ హక్కుల చట్టపు నియమములలో, ఊరి పెద్దలు చెప్పిన సంగతిని వ్రాయించి సాక్ష్యముగా పెట్టవచ్చునని యున్నది. అయితే ఒక్క సాక్ష్యము చాలదు, కనీసము రెండు కావలెను. ఇద్దరు ముగ్గురు సాక్షుల మాటమీద సంగతి స్థిరపరచవలెనని ద్వితీయోపదేశకాండము 19:15లో మోషే చెప్పినది ఇట్టిదే. గ్రామసభలో మనము సాక్షిని ఏమడుగుదుము? నీవు చూచితివా? ఎంత దగ్గరనుండి చూచితివి? అబద్ధమాడిన నీకేమి లాభము? నీ మాటకు తోడు మరియొకరున్నారా? యథార్థమైన సాక్షి ఈ ప్రశ్నలకు కోపపడడు.

పరిశుద్ధ గ్రంథము కూడ కోపపడదు. లూకా తాను ప్రభువును కన్నులార చూచితినని చెప్పుకొనలేదు. చూచినవారిని విచారించి, మొదటినుండి తరచి తెలిసికొని వరుసగా వ్రాసితినని చెప్పెను. బెరయవారు పౌలు చెప్పినదానిని కూడ లేఖనములతో సరిచూచిరి. అందుకు వారు గద్దింపబడలేదు, ఘనులని పేరుపొందిరి.

ఇప్పుడు ఒక సంగతిని మన గ్రామసభ పద్ధతిలో చూతము. క్రీ. పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా దేశముమీదికి దండెత్తెను (2 రాజులు 18, 19 అధ్యాయములు). ఆ రాజు మట్టిపలకమీద వ్రాయించిన సొంత వృత్తాంతము ఇప్పుడు లండను మ్యూజియములో నున్నది. హిజ్కియా కప్పము కట్టెనని రెండును చెప్పుచున్నవి. హెబ్రీ మూలములోను పలకమీదను బంగారము 30 తలాంతులే. వెండి మాత్రము మన గ్రంథములో 300, పలకమీద 800. లెక్కలో తేడా యున్నదని మనము దాచనక్కరలేదు. యూదా పట్టణములను పట్టుకొంటినని సన్హెరీబు అతిశయించెను. హిజ్కియాను యెరూషలేములో బంధించితిననెను. గాని యెరూషలేమును పట్టుకొంటినని ఎక్కడను వ్రాయించలేదు. పగవాడే చెప్పని మాట మనకు పెద్ద సాక్ష్యము.

ఇంకొకటి గమనించుడి. రాజులు తమ గెలుపులనే చెక్కింతురు. మన గ్రంథమో, హిజ్కియా దేవాలయపు తలుపుల బంగారమును ఊడదీసి శత్రువునకిచ్చిన అవమానమును, దావీదు పాపమును, పేతురు బొంకును దాచలేదు. తనవారి తప్పును ఒప్పుకొను సాక్షి మాటకు విలువ యెక్కువ.

చేతివ్రాతల సంగతి చూడుడి. 1947లో మృతసముద్రపు దగ్గర తప్పిపోయిన మేకను వెదకిన ఒక కాపరికి, మన బొర్రా కాపరికి దొరికినట్టే, ఒక గుహ దొరికెను. అందులో యెషయా గ్రంథపు చుట్ట యుండెను. అది అంతవరకు పండితుల చేతనున్న సంపూర్ణ హెబ్రీ ప్రతులకంటె సుమారు వెయ్యి సంవత్సరములు పాతది. అక్షరములలోను పదములలోను తేడాలు అనేకమున్నవి. ప్రవక్త వర్తమానము మాత్రము అదే. 1961లో కైసరయలో పిలాతు పేరుగల రాయి బయటపడెను.

అయితే విడని ముడులు కూడ గలవు. యేసు హేరోదు దినములలో పుట్టెనని మత్తయి చెప్పుచున్నాడు. హేరోదు క్రీ. పూ. 4లో చనిపోయెనని పండితులలో అనేకులు లెక్కింతురు. లూకా 2:2లో కురేనియ కాలపు జనసంఖ్య యున్నది. యూదుల చరిత్రకారుడు జోసీఫస్ లెక్క చొప్పున అది క్రీ. శ. 6లో జరిగెను. పండితులు అనేక సమాధానములు చెప్పిరి గాని అందరిని ఒప్పించినది లేదు. బిడ్డ దీనిని అడిగినయెడల, ఈ ముడి ఇంకను విడలేదని చెప్పుటలో సిగ్గులేదు.

సిగ్గుపడవలసినది మరియొకటి యున్నది. నోవహు ఓడ దొరికెననియు, ఫరో రథచక్రములు సముద్రము అడుగున కనబడెననియు సెల్‌ఫోనులలో బొమ్మలు వచ్చుచున్నవి. విచారింపకయే మనము వాటిని పదిమందికి పంపుచున్నాము. దేవుని పక్షముగా అన్యాయపు మాటలు పలుకుదురా అని యోబు తన స్నేహితులను నిలదీసెను (యోబు 13:7). అబద్ధసాక్ష్యము పలుకవద్దన్న ఆజ్ఞ బైబిలును కాపాడుటకు బయలుదేరిన మనకును వర్తించును. ఆ బొమ్మ అబద్ధమని రేపు తెలిసికొన్న బిడ్డ, దానితోకూడ సువార్తను సైతము పారవేయును. ఆ నష్టమునకు ఉత్తరవాదులు ఎవరు?

త్రవ్వకములు రాజుల పేర్లను చూపగలవు. పాపక్షమాపణను త్రవ్వి తీసి చూపగల పార లేదు. పునరుత్థానమునకు గ్రంథము చూపు రుజువు సాక్షులే. క్రీ. శ. 55 ప్రాంతమున, సంగతి జరిగిన ఇరువదియైదేండ్లకు, పౌలు కొరింథీయులకు వ్రాయుచు, ఐదువందలకంటె ఎక్కువమంది ప్రభువును చూచిరనియు, వారిలో అనేకులు ఇంకను బ్రదికియున్నారనియు చెప్పెను (1 కొరింథీ. 15:6). అనగా వెళ్లి విచారించుడని తలుపు తెరచియుంచెను. ఇరువదియైదేండ్ల క్రిందటి సంగతి మన పెద్దలు మరచుదురా? చరిత్ర మనలను ఆ తలుపువరకు తెచ్చును. ఆ సాక్షులను నమ్మి ప్రభువునకు లోబడుట మాత్రము ప్రతివాడును తానే చేయవలసిన పని.

కావున తలిదండ్రులారా, ప్రశ్న అడిగిన బిడ్డను తరిమివేయకుడి. గ్రంథము తెచ్చి అతని ప్రక్కన కూర్చుండుడి. తెలిసినది తెలిసినంతే చెప్పుడి. యౌవనులారా, అడుగుడి; అయితే మంచి గ్రామసభ వలె సాక్షి మాట తుదవరకు వినుడి. సత్యమే తానైన ప్రభువు మన నాలుకలను సత్యమునందు కాపాడును గాక. ఆమేన్.