కమాను మీద పేరు

వయొలిన్ అంటే అందరూ వయొలిన్ గురించే మాట్లాడతారు, కమాను ఊసెవరూ ఎత్తరు. దేవరుప్పుల నుంచి హైదరాబాద్ వచ్చి, ముప్పై దాటాక నేర్చుకోవడం మొదలుపెట్టిన నాకు, మా సార్ ఏడాదంతా సరిదిద్దింది మాత్రం కమాను పట్టుకున్న చేతినే. ఆ చికాకులో చదువుతుంటే డొమినిక్ పెకాట్ తగిలాడు.

1810లో ఫ్రాన్సులోని మిర్కూర్ అనే చిన్న ఊళ్ళో, మంగలి ఇంట్లో పుట్టాడు. 1826లో పారిస్ వెళ్ళి వీయోమ్ దగ్గర పనికి కుదిరాడు. బ్రెజిల్ నుంచి ఓడల్లో వచ్చే పెర్నంబుకో కర్రను సెగకు వేడిచేసి వంచడం, గుర్రపు వెంట్రుకలు బిగించడం అతని పని. కమాన్ల మీద పడిన ముద్ర యజమానిది. 1837లోగానీ సొంత దుకాణం అమరలేదు.

చదవగానే కోపమొచ్చింది. నా ఉద్యోగమూ అదే మరి! నేను రాసిన వ్యాసాలు పెద్దవాళ్ళ పేర్లతో వస్తాయి. కానీ వీయోమ్ వైపూ మాటుంది. కర్ర కొన్నదీ, పని చూపించిందీ, గిరాకీ తెచ్చిందీ ఆయనే. కమాను విరిగితే కొన్నవాడు నిలదీసేదీ ఆయన్నే. ముద్ర అంటే 'నేను చేశాను' అనా, 'నాదీ పూచీ' అనా? రెండోదైతే అబద్ధం లేదు. చూసేవాడు మొదటిదే అనుకుంటాడని తెలిసీ ఊరుకుంటే?

మా జనగామ పక్కన పెంబర్తిలో ఇత్తడి రేకు కొట్టి గుడులకు తొడుగులు చేస్తారు. జీఐ గుర్తింపు ఊరి పేరుకొచ్చింది. తొడుగు మీద ఉండేది దాత పేరు (మన గుళ్ళలో ట్యూబులైటు మీద కూడా దాత పేరుంటుంది కదా). ఆ పేరు చెక్కేది కూడా పనివాడే. తన చేత్తో, సుత్తితో, ఇంకొకరి పేరు.

ఇప్పుడు తెలిసినవాళ్ళు ముద్రను నమ్మరు. కమాను తల చూస్తారు. గొడ్డలి ఆకారంలో ఉండే ఆ తలను బట్టి పెకాట్‌ని గుర్తుపడతారు. పేరు తిరిగొచ్చింది, నిజమే. దాంతో పెరిగిన ధర మాత్రం కమాను ఎవరి దగ్గరుందో వాళ్ళకే.

ఇంతా రాశాక గుర్తొచ్చింది. పోయినేడాది నా పేరుతో అచ్చయిన ఒక వ్యాసంలో సగం సమాచారం మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి తెచ్చింది. అందరూ మెచ్చుకుంటుంటే నేను థాంక్స్ చెప్పాను. ఆమె కూడా అక్కడే ఉంది, చప్పట్లు కొట్టింది. ఇవాళ సాయంత్రం ఆమెకి ఫోన్ చేయాలి. ఏమని మొదలుపెట్టాలో తెలియడం లేదు.