మిగిలిన పిండి

ధర్మవిచారమనగానే మన మనస్సు రాజ్యములమీదికిని మతములమీదికిని పోవును గాని, వంటయింటి అలమారలో మిగిలియున్న అరకిలో మైదాపిండిమీదికి పోదు. అయినను మనుష్యుని శీలము పెద్ద పరీక్షలయందుకంటె చిన్న పరీక్షలయందే తరచుగా తేలిపోవుచుండును. పెద్ద పరీక్ష వచ్చుచున్నదని మనకు ముందే తెలియును గనుక సిద్ధపడియుందుము. చిన్నది వచ్చినట్లే తెలియదు. అట్టి చిన్న పరీక్ష యొకటి మా యింటికి వచ్చినది. దానియందు నేను తప్పితిని. ఇతరుల తప్పులు దిద్దుటయే వృత్తిగాగల నాకు ఈ తప్పు దిద్దుకొనుటకు చాల దినములు పట్టినది. ఆ సంగతి చెప్పి, దానినుండి నాకు తోచిన ధర్మమును చదువరుల యెదుట నుంచుచున్నాను.

రెండేండ్లక్రిందట డిసెంబరు సెలవులలో మా అమ్మాయి కేకు చేయుట నేర్చుకొన్నది. కావలసిన సామగ్రికి పట్టిక వ్రాసియిచ్చినది; నేను అంగడికి పోయి మైదా, వెన్న, కోకోపొడి, బేకింగు పౌడరు, జీడిపప్పు, రంగురంగుల టూటీఫ్రూటీ తెచ్చితిని. కేకునకు వలసినది రెండు గిన్నెల మైదా. అంగడివాడిచ్చినది కిలో సంచి. వలసినది చెంచాడు బేకింగు పౌడరు; దొరకినది నిండు డబ్బా. కేకు రెండు దినములలో నయిపోయినది. మిగిలినవన్నియు అలమార పైయరను చేరినవి. మరల చేసినప్పుడు పనికివచ్చునని అందరమును అనుకొంటిమి. సెలవులు ముగిసినవి, పరీక్షలు వచ్చినవి, వేసవి వచ్చినది, వానలు వచ్చినవి. మరల చేయుట మాత్రము రాలేదు.

దసరాకు ముందు ఇల్లు దులుపుచుండగా ఆ సామగ్రి బయటపడినది. మైదాలో పురుగు తిరుగుచుండెను. జీడిపప్పు రంగు మారినది. నా భార్య పారవేయబోవగా నేనడ్డుపడితిని. అన్నమును వ్యర్థము చేయరాదని నేను చదివిన సంస్కృతమంతయు ఉపయోగించి ఒక చిన్న ఉపన్యాసము చేసి, "జల్లించి బిస్కెట్లు చేసి పనిమనిషి పిల్లలకు ఇద్దాం. వృథా కాదు, పుణ్యమూ వస్తుంది" అంటిని.

"మనం తినలేనిది వాళ్లకెలా ఇస్తామండీ?" అని ఆమె అడిగినది. పురుగు పోయినచో పిండికి దోషమేమని నేను వాదించితిని. ఆమె అయిష్టముగనే జల్లెడ తీసినది. బిస్కెట్లు చూపునకు చక్కగనే వచ్చినవి. మా యింట ఒక్కరును రుచి చూడలేదు. ఆ సంగతి అప్పుడు నాకు వింతగా తోచకపోవుటయే నేటికిని నాకు వింతగా నున్నది.

ఆ పిల్లలిరువురును మా పాఠశాలలోనే చదువుచున్నారు. నాలుగు దినముల తరువాత వరండాలో పిల్లవానిని పిలిచి, "ఏరా, బిస్కెట్లు బాగున్నాయా?" అని అడిగితిని. వాడు తలవంచుకొని, "బాగున్నాయండి" అన్నాడు. అబద్ధమాడుట ఇంకను నేర్వని వాని చెల్లెలు పక్కనుండి, "చేదుగా ఉన్నాయని అమ్మ కోళ్లకేసేసిందండీ. మీతో చెప్పొద్దంది" అన్నది.

నా మనస్సులో మొదట కలిగినది సిగ్గు కాదు, కోపము. ఇచ్చినదానిని కోళ్లకు వేయుటయా అని! ఆ కోపము చల్లారిన తరువాత గాని అసలు విషయము కనబడలేదు. పారవేయుట పాపమని నేను నమ్మితిని. ఆ పాపమును నా చేతులతో చేయజాలక ఆమె చేతులకు అప్పగించితిని. దానికితోడు, ఇచ్చినందులకు కృతజ్ఞతనుగూడ ఆశించితిని. ఆమె ఆ భారము రెంటిని మోసినది. కోళ్లకు వేసి పారవేయు పని చేసినది. పిల్లలచేత బాగున్నవనిపించి నా గౌరవమును కాపాడినది. ఇందు దానము చేసినదెవరు? పుచ్చుకొన్నదెవరు?

మరునాడు ఆమెతో తప్పు నాదని చెప్పితిని. "అయ్యో, అంత మాటెందుకండీ" అని ఆమె పనిలో పడినది. ఆమె క్షమించినదో లేదో నేనెరుగను. క్షమింపను అని చెప్పగల స్వేచ్ఛ మేమిచ్చు జీతముతో ముడిపడియున్నది గదా.

మిగిలినదానికి సంస్కృతమున మూడు మాటలు కలవు. ఒక కార్యమునకు వినియోగింపగా శుద్ధముగా నిలిచియున్నది శేషము. ఒకరు తినగా విడిచినది ఉచ్ఛిష్టము, అనగా ఎంగిలి. కాలము గడచి నిలవపడినది పర్యుషితము. భగవద్గీత మూడవ అధ్యాయమున యజ్ఞశేషమును భుజించువారిని ప్రశంసించినది. పదునేడవ అధ్యాయమున నిలవపడినదానిని, ఎంగిలిని తామసాహారములలో జేర్చినది. అథర్వవేదము పదునొకండవ కాండమున, యజ్ఞమున మిగిలినదానిని ఉచ్ఛిష్టమను పేరుతోనే స్తుతించు సూక్తము కలదు. కాబట్టి మిగులుట దోషము కాదు. మా యింట డిసెంబరులో మిగిలిన మైదా శేషము. దసరానాటికి అది పర్యుషితమైనది. నడుమ దానికి జరిగినదెల్ల మా అలసత్వమే. ఆ అలసత్వమునకు దానమని పేరుపెట్టి నేను పొరుగింటికి పంపితిని.

చద్ది మాట యేమి, మన పెద్దలు చద్ది తినలేదా అని యెవరైన అడుగవచ్చును. తినిరి, పెద్దల మాటను చద్దిమూటతో పోల్చునంతటి గౌరవమును దానికి ఇచ్చిరి. కాని రైతు ఆ మూట కట్టుకొన్నది తాను తినుటకు. తన నోటికి తాను కట్టుకొన్న చద్దికిని, తన నోటికి పనికిరాదని పరుల చేతిలో పెట్టిన ఎంగిలికిని భేదము వస్తువులో లేదు. ఇచ్చువాని మనస్సులో నున్నది. ఈ రెండవదానిని పుచ్చుకొనవలసినవారి బాధ యెట్టిదో తెలియగోరువారు ఓంప్రకాశ్ వాల్మీకి హిందీలో వ్రాసి 1997లో ప్రకటించిన ఆత్మకథను చదువవలెను. దాని పేరు "జూఠన్". ఆ మాటకు ఎంగిలి యనియే అర్థము. పెండ్లివిందుల విస్తళ్లలో మిగిలినది కొన్ని కులములవారికి కూలిలో భాగముగా చెల్లిన దినములు అందు వర్ణింపబడినవి. అట్టి ఆచారమును నిందించుటలో నేనెన్నడును వెనుదీయలేదు. అదే నా వంటయింటిలో బిస్కెట్టు రూపమున ప్రవేశించినప్పుడు మాత్రము గుర్తింపలేకపోయితిని.

ఆకలిగొన్నవానికి రుచి యేల అనువారు కొందరు. ఆకలి మనుష్యుని నాలుకను తీసివేయదు. వద్దనుటకు వానికిగల హక్కునంతకంటెను తీసివేయదు. గోదావరి సీమలో లంకలగన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళగాని వేళ వచ్చిన బాటసారులకును వండి పెట్టి కీర్తిగాంచిరి. వచ్చినవానికొరకు వండుట వేరు, వండినదానికొరకు వచ్చువానిని వెదకుట వేరు. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిలు ఔదార్యమును దుబారాకును లోభమునకును నడుమ నిలిపి, తగినవారికి, తగినంత, తగిన కాలమున ఇచ్చుట దాని లక్షణమని నిర్ణయించెను. నా దానమున పాత్రులు తగినవారే. కాలము పది మాసములు దాటినది.

ఇక ఈ మిగులు పుట్టుచున్న దెక్కడ? నా యభిప్రాయమున, వంటయింటిలో కాదు, అంగడిలో. మన పాత పిండివంటలలో మిగులునకు ముందుగనే చోటుండెను. అరిసెలకు కలిపిన పాకపుపిండి మిగిలినచో అది చలిమిడి. బొబ్బట్లలోని పూర్ణము మిగిలినచో తోపులో ముంచి వేచినయెడల అవి బూరెలు. ఆ వంటలలోని బియ్యము, బెల్లము, పప్పు, నెయ్యి మరునాటి వంటకును వలసినవే. పండుగ సామగ్రికిని పూటవంట సామగ్రికిని గోడ లేదు. కోకోపొడికిని బేకింగు పౌడరునకును మన యింట అట్టి బంధువులు లేరు. అవి ఒక్క వంటకొరకు వచ్చి, అది తీరగానే పరదేశులవలె మూలను కూర్చుండును. కొత్త వంటలు నేర్వరాదని నేననుటలేదు. మా అమ్మాయి కేకు మాకందరకు ఇష్టమే. క్రొత్త వస్తువును ఇంటికి తెచ్చునాడే దానికి రెండవ పనిని వెదకవలెనని మాత్రము అనుచున్నాను.

ఇది ఒక్క యింటి సంగతి కాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారము, 2022లో లోకమున దుకాణములు, భోజనశాలలు, ఇండ్లు కలిసి 105 కోట్ల టన్నుల ఆహారమును వ్యర్థము చేసినవి. అందు నూటికి 60 వంతులు ఇండ్లలోనివే. సగటున తలకు ఏడాదికి 79 కిలోలు. ఈ లెక్కను చూచినవారికి పారవేయుటయందు భయము కలుగుట సహజము. కాని భయము మంచి గురువు కాదు. అది మనలను మరి రెండు తప్పులలోనికి దింపును.

మొదటిది, మిగులును తీర్చుటకై మరల కొనుట. సగము డబ్బా కోకోపొడి వ్యర్థమగునని అరకిలో వెన్న తెచ్చుట, వెన్న మిగిలెనని మరల మైదా తెచ్చుట. ఇది అప్పు తీర్చుటకు అప్పు చేయుటవంటిది. రెండవది, నష్టమగునని తినుట. ఇరువది రూపాయల పంచదార పోవునని ఇంటిల్లిపాది పది దినములు తీపి మెక్కుట పొదుపు కాదు. భారత వైద్య పరిశోధనా మండలి నిధులతో జరిగి 2023లో ప్రకటింపబడిన సర్వే దేశమున మధుమేహరోగులు 10 కోట్లకు పైబడి యున్నారని అంచనా వేసినది. మన కడుపులు చెత్తకుండీలు కావు. మన కడుపులకు లేని ఆ పేరును పొరుగువారి కడుపులకు పెట్టుటకు మనకధికారము లేదు.

అయినచో చేయవలసిన దేమి? ఈ సంవత్సరము మా యింట జరిగినదానిని చెప్పెదను. కేకు చేసిన వారములోపలనే నా భార్యయు అమ్మాయియు మిగిలినవన్నియు బల్లమీద పరచి చూచిరి. చెంచాడు బేకింగు పౌడరును వేడినీటిలో వేసిరి. బుసబుస పొంగినది గనుక సత్తువ యున్నట్లే. పొంగనిచో దానిని నమ్మి పిండి కలుపుట పిండిని పాడుచేయుటయే. జీడిపప్పును కొరికి చూచిరి. అందలి చమురు గాలి తగిలి చెడినయెడల చేదెక్కును. ఆ చేదు ఏ పంచదారకును లొంగదు. నాటి బిస్కెట్ల రహస్యము నాకప్పుడు తెలిసినది. మైదాలో కొంచెము వెన్న కలిపి తడిపి, గవ్వల చెక్కమీద నొత్తి, వేచి, బెల్లపుపాకమున వేసిరి. కేకు అంచులు తరుగగా రాలిన పొడిలో టూటీఫ్రూటీయు జీడిపప్పుపలుకులును జేర్చి పాలు చిలుకరించి ఉండలు కట్టిరి. కోకోపొడి రాత్రి పాలలోనికి పోయినది. వెన్న కాచగా అడుగున మిగిలిన గసిని పంచదారతో కలుపుకొని తిన్నది నేను. క్రొత్తగా కొన్నదేదియు లేదు.

హైదరాబాదు విందులలో గౌరవస్థానముగల డబల్ కా మీఠా ఇట్టి ధర్మమునకే నిదర్శనము. నేతిలో వేచుటకు నేటి మెత్తని రొట్టెకంటె నిన్నటి ఆరిన రొట్టెయే మేలు. ఆ నిన్నటి రొట్టె పెండ్లిపంక్తిలో అతిథి యెదుటికి తలయెత్తుకొని పోవుచున్నది. మిగిలినదానికి మర్యాద కలుగునది ఇట్లు. అతిథికి పెట్టదగినదైనచో అది ఎవరికైనను పెట్టదగినది. అతిథికి పెట్టుటకు చేయి రానిచో అది ఎవరికిని తగదు. దానిని మొక్కల మొదట పాతిపెట్టి, తప్పు మనదని యొప్పుకొనుటయే మేలు. పారవేసినప్పుడు కలుగు బాధ వ్యర్థము కాదు. మరుసటి సారి అంగడిలో చేయి చాచునప్పుడు ఆ బాధయే మనలను ఆపును. దానిని దానముగా మార్చి పోగొట్టుకొన్నవాడు మరల కిలో సంచియే కొనును.

గవ్వలు చేసిన సాయంకాలము ఆ తల్లియు పిల్లలును మా యింటనే యుండిరి. ఒకే పళ్లెములోనుండి మేమందరమును తీసికొంటిమి. ఆ చిన్నది ఒక గవ్వను నోట వేసికొని, నావంక కొంచెము అనుమానముగ చూచినది. కొంతసేపు నమలినది. తరువాత రెండవదానికొరకు చేయి చాచినది. నా జీవితమున నేను వ్రాసిన పరీక్షలలో అంతటి ఆత్రముతో ఫలితమునకు ఎదురుచూచినది మరియొకటి లేదు.