వేచి ఉండవలసింది ఎవరు?

భారతం అరణ్యపర్వంలో మార్కండేయుడు ధర్మరాజుకు చెప్పిన కౌశికుడి కథ మన పురాణకాలక్షేపాల్లో బాగా నలిగిందే. తన మీద రెట్ట వేసిన కొంగను కోపపు చూపుతో చంపిన ఆ బ్రాహ్మణుడు ఒక ఇంటి ముందు భిక్ష అడుగుతాడు. ఉండమని చెప్పి ఇల్లాలు గిన్నె కడుగుతుండగా భర్త ఆకలితో ఇంటికొస్తాడు. కాళ్ళకు నీళ్ళిచ్చి, ఆయనకు అన్నం పెట్టాకే ఆమె భిక్ష తెస్తుంది. మండిపడ్డ కౌశికుడికి తాను కొంగను కానని చెప్పి, ధర్మం తెలియాలంటే మిథిలలో మాంసం అమ్ముకుంటూ తల్లిదండ్రుల్ని సేవించే ధర్మవ్యాధుడి దగ్గరికి వెళ్ళమంటుంది. దీన్ని పతిభక్తి కథగా, తల్లిదండ్రుల సేవ కథగా చెప్పుకుంటూ వచ్చాం. ఇందులో పనికీ ఇంటికీ మధ్య తగువు కూడా ఉంది. ఆ తగువులో బుద్ధి తెచ్చుకోవలసి వచ్చింది ఆ ఇల్లాలు కాదు, ఒక మనిషి అన్నం తినేంతసేపు గుమ్మంలో నిలబడలేకపోయిన తపస్వి. మనం మాత్రం రెంటినీ సర్దుకోమని ఎప్పుడూ పనిచేసేవాళ్ళకే చెబుతున్నాం.

ఆంధ్రలో ఉండి, ఆకివీడు, కైకలూరు ఊళ్ళ వైపు ఇవాళ ఆ తపస్విలా ఆగనిది రొయ్య. 2009లో మన దేశంలో వనామీ రకం రొయ్య సాగుకు అనుమతి వచ్చాక ఆ సాగు ఎన్నో ఇళ్ళ రాత్రుల్ని మార్చేసింది. చీకటి పడితే నీటిలోని నాచు కూడా ఆక్సిజన్‌నే తీసుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. కరెంటు పోయి, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగి, జనరేటర్ వేయడం ఆలస్యమైతే రొయ్య తేలుతుంది. లీజు సొమ్ము, మేత బాకీ అన్నీ ఆ నీళ్ళలోనే ఉన్నాయి. అందుకే ఇంటి మగమనిషి గట్టు మీది మకాంలో పడుకుంటాడు. ఇంటి కోసమే కదా ఈ కాపలా అని ఆయన అడిగితే కాదనడానికి లేదు. ధర్మవ్యాధుడు కూడా కొట్టు మూసేసి తల్లిదండ్రుల కాళ్ళ దగ్గర కూర్చోలేదు. ఆ కొట్టు మీద వచ్చిందే వాళ్ళకు పెట్టాడు. పైగా పని ఇంటికి ఇచ్చేది డబ్బొక్కటే కాదు. చెక్ ట్రే పైకెత్తి మిగిలిన మేత చూసి, రొయ్యను వెలుతురుకు పట్టి పేగు నిండిందో లేదో చూసి, తరవాతి మేత తగ్గించే మనిషికి, కంచంలో అన్నం వదిలేసి లేచిన పిల్లను గమనించే చూపు కూడా అలవడుతుంది. ఇల్లు కూడా పనికి ఒక హద్దు నేర్పుతుంది. ఇంటికి ఎంత కావాలో తెలిసినవాడు చెరువు మోయలేనంత రొయ్యపిల్ల వేయడానికి వెనకాడతాడు.

అలాగైతే పనిని ఇంట్లోకే తెచ్చుకుంటే పోలేదా అనవచ్చు. దానికి నరసాపురం లేసు జవాబు చెబుతుంది. అక్కడి అల్లిక మీద సామాజికవేత్త మరియా మీస్ 1982లో పుస్తకం వేశారు. గంటల తరబడి అల్లే ఆడవాళ్ళను గృహిణులుగా లెక్కగట్టి, వాళ్ళది తీరిక వేళ పని అనుకోవడం వల్లే కూలి అంత తక్కువగా ఉందని ఆమె చూపించారు. పనీ ఇల్లూ ఒక్క అరుగు మీదికి వచ్చాయి గాని, ఆ పని పనిగా లెక్కకు రాలేదు. కౌశికుడి కథలోనూ నేను ఒప్పుకోలేనివి ఉన్నాయి. భర్త ఆకలి ముందు ఆ ఇల్లాలి ఆకలి ప్రస్తావన లేదు. తన వృత్తి పూర్వజన్మ కర్మఫలమన్న వ్యాధుడి మాటను కులానికో పని కట్టబెట్టడానికి వాడుకోవచ్చు. పుట్టుకతో అంటగట్టిన పనిలో తృప్తి వెతుక్కోమనడం ధర్మబోధ కాదు. వాటిని పక్కన పెట్టినా, భిక్షకు వచ్చినవాణ్ణి ఉండమనగలిగిన ఆమె ధైర్యం మిగులుతుంది.

అన్నిటికన్నా గట్టి ఆక్షేపణ మరొకటి ఉంది. చెప్పకుండా ఇల్లు విడిచావు, నీ దిగులుతో నీ తల్లిదండ్రులు గుడ్డివాళ్ళయ్యారు, తిరిగి వెళ్ళమని కౌశికుడికి వ్యాధుడు చెబుతాడు. మరి పిల్లల ఫీజుల కోసం ఈ ప్రాంతం నుంచి కువైట్ వెళ్ళి, ఇంకొకరి పిల్లలకు అన్నం తినిపిస్తున్న తల్లికీ అదే చెబుతామా? చెప్పకూడదు. కౌశికుడు తన చదువు కోసం వెళ్ళాడు, ఆమె ఇంటి కోసమే ఇల్లు విడిచింది. ఆమె కథలో గుమ్మం ముందు నిలబడవలసింది యజమాని. వారానికొక సెలవు ఇవ్వాలి, సాయంత్రం పిల్లలతో ఫోన్ మాట్లాడేంతసేపు తన పని ఆపుకోవాలి, పాస్‌పోర్టు ఆమె దగ్గరే ఉండనివ్వాలి. భీమవరం వైపు షెడ్లలో రొయ్యలు ఒలిచే బాలింతను పాల వేళకు కూలి కోయకుండా ఇంటికి పంపడం మేస్త్రీకి సాధన. పంట పోయిన ఏడాది బాకీకి గడువివ్వడం మేత వ్యాపారికి సాధన. ఇవి ఉపవాసం కంటే కష్టమైనవి. ఉపవాసం ఆ పూటతో తీరిపోతుంది, ఇక్కడ వదులుకున్న డబ్బు ఏడాది పొడుగునా ఖాతాలో కనిపిస్తూనే ఉంటుంది.