ధూమము, వహ్ని, క్రియాటినిన్

పర్వతముపై పొగను చూచి నిప్పు కలదని నిశ్చయించు నైయాయికునకును, రక్తపరీక్ష కాగితముపై క్రియాటినిన్ అంకెను చూచి మూత్రపిండముల శక్తి యింతయని చెప్పు వైద్యునకును నాకు పెద్ద భేదము కానరాదు. ఇరువురును కంటబడినదానిని పట్టుకొని కంటబడనిదానిని తేల్చువారే, ఇరువురి జ్ఞానమునకును వ్యాప్తియే, అనగా గురుతునకును దానిచే తేలుదానికిని గల విడువని సంబంధమే, ఆధారము.

మూత్రపిండములు నిమిషమునకు ఎంత ద్రవమును వడపోయుచున్నవో కన్నులార చూచుట ఎవరికిని శక్యము కాదు. శరీరధర్మశాస్త్రజ్ఞుడు హోమర్ స్మిత్ ప్రభృతులు 1930ల ప్రాంతమున ఇన్యులిన్ అను పదార్థమును సిరలోనికి ఎక్కించి, అది మూత్రములోనికి దిగు వేగమును కొలిచి, ప్రత్యక్షమునకు మిక్కిలి చేరువైన మార్గమును చూపిరి. అయితే గంటలతరబడి సాగు ఆ ప్రయాసను నిత్యవైద్యము మోయజాలదు. కావున కండరములలో పుట్టి మూత్రములో పోవు క్రియాటినిన్‌ను లింగముగా, అనగా గురుతుగా, గైకొని, సూత్రములు కట్టి, ఆ వడపోత వేగమును అంచనా వేయుచున్నారు.

నిప్పున్న చోటనెల్ల పొగ యుండునని యెవడైన వాదించినచో, కట్టె తడిదైనప్పుడు గదా యని నైయాయికుడు అడ్డుతగులును. ఆ తడియే ఉపాధి, వ్యాప్తిని చాటుగా చెరచునది. క్రియాటినిన్ విషయమున ఆ ఉపాధి కండ. 60 ఏండ్ల వయస్సు, 45 కిలోల బరువు గల స్త్రీకి క్రియాటినిన్ డెసిలీటరునకు 1.1 మిల్లీగ్రాములు వచ్చినదనుకొందము. పెక్కు పరీక్షాశాలల కాగితములలో అది మామూలు హద్దులోనిదే. 1976 నాటి కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రముతో లెక్కించిన నిమిషమునకు సుమారు 39 మిల్లీలీటర్లు. 2021 నాటి సికెడి-ఎపి సూత్రముతో లెక్కించిన సుమారు 58. ఒక్క నెత్తుటికి రెండు తీర్పులు! మొదటిది ఆమె బరువును లెక్కకు తెచ్చినది. రెండవది బరువు నడుగనే యడుగక, ఒక ప్రమాణ దేహవిస్తీర్ణమునకు సరిపెట్టి చెప్పినది. మొదటిదైన నిష్కళంకమా యన్న, అది 249 మందిని, దాదాపు అందరును పురుషులే, పరీక్షించి కట్టినది. స్త్రీలకు నూటికి 15 వంతులు తగ్గించుట ఊహామాత్రము. రెండవదానికి పూర్వరూపమైన 2009 నాటి సూత్రము నల్లజాతివారి అంకెను నూటికి సుమారు 16 వంతులు హెచ్చించుచుండెను. జాతిని హేతువుగా నిలిపిన ఆ హేత్వాభాసమును, అనగా దొంగ హేతువును, 2021లో గాని తొలగింపలేదు.

ఇన్ని చిక్కులుండగా అనుమానము, అనగా గురుతునుబట్టి తేల్చుట, ప్రమాణమే కాదని ప్రత్యక్షమునే నమ్ము చార్వాకుడు నవ్వును. సంశయము మన ప్రవృత్తికే విరోధమైన చోట ఆగవలసినదేయని నైయాయికుడైన ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో ఆ నవ్వునకు బదులు చెప్పియున్నాడు. (ఆకలియైనప్పుడు చార్వాకుడును అన్నమే తినును గాని సంశయమును తినడు.) వైద్యమునందును అంతే: వడపోత అంకె 30కి దిగువనున్నచో మధుమేహపు మెట్‌ఫార్మిన్ మాత్రను మాన్పవలెను, ఆ నిర్ణయము నేడే, ఈ కాగితముతోనే జరుగవలెను.

శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున, కొబ్బరితోటల జీడితోటల నడుమ, కారణ మింకను తేలని మూత్రపిండవ్యాధి పీడించు ఊళ్లలో, క్రియాటినిన్ అను మాట పామరుల నోటను వినబడును. కాయకష్టముచేతను రోగముచేతను ఎండిన దేహమునకు, విశేషముగా అమెరికా, ఐరోపా దేహములనుండి పుట్టిన సూత్రము ఉన్నదానికంటె మేలైన అంకెను చూపు ప్రమాదము కలదు. కండతో అంతగా పొత్తులేని సిస్టాటిన్-సి అను మరియొక రక్తలింగమును జోడించి చూచుట మేలు. దానికిని థైరాయిడ్, స్థూలకాయము, స్టెరాయిడ్ మందులు ఉపాధులే యైనను, రెండు లింగముల ఉపాధులు వేరు గనుక ఒకదాని లోపమును మరియొకటి పట్టియిచ్చును.

కావున కాగితము చేతికి వచ్చినప్పుడు, ఈ అంకె ఏ సూత్రముతో కట్టినది, నా దేహమునకు చెల్లునా యని వైద్యుని నిస్సంకోచముగా అడుగుడు; ఒక్క పరీక్షతో దీర్ఘవ్యాధియను పేరు మోయకుడు, అందులకు లోపము మూడు నెలలకు పైగా నిలిచియుండవలెను.