జీతం వదిలినవాళ్ళ ధర్మం

ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగ్, జార్జియా టెక్‌లో ఎం.ఎస్., ఆ తర్వాత అట్లాంటాలో పర్యావరణ సలహాదారుగా ఉద్యోగం. మన మధ్యతరగతి ఇళ్ళలో ఇంతకన్నా కోరుకునేది ఉండదు. హైదరాబాద్‌లో పుట్టిన నాగేష్ కుకునూర్ ఇదంతా సంపాదించుకున్నాక వదిలేశారు. ఉద్యోగంలో దాచుకున్న డబ్బుతో స్వంత ఊరికి వచ్చి 'హైదరాబాద్ బ్లూస్' తీశారు. 1998లో వచ్చిన ఆ సినిమాకు అయిన ఖర్చు 17 లక్షల రూపాయలు. రాసింది, తీసింది, డబ్బు పెట్టింది, అమెరికా నుంచి తిరిగొచ్చిన వరుణ్‌గా నటించింది అన్నీ ఆయనే. ఇంగ్లీషు ఎక్కువగా, హిందీ, తెలుగు కలగలిసి నడిచిన ఆ సినిమా నుంచే ఆయన హిందీ సినిమాకు దారి వేసుకున్నారు. 'తీన్ దీవారే', 'ఇక్బాల్', 'డోర్' ఆ దారిలోనే వచ్చాయి.

ఇలాంటి మనిషి గురించి మనవాళ్ళు మాట్లాడే తీరు రెండు రకాలు. సినిమా ఆడకముందు 'బంగారంలాంటి ఉద్యోగం వదులుకున్నాడు, మతి లేదు' అంటారు. ఆడాక అదే పనిని 'ఎంత త్యాగం చేశాడు' అంటారు. మొదటి మాట సంగతి ఎలా ఉన్నా, రెండో మాట దగ్గర ఆగాలి. జీతం వదలడం త్యాగమేనా?

త్యాగం గురించి అన్నింటికన్నా నిక్కచ్చిగా మాట్లాడిన గ్రంథం భగవద్గీత. ఆ గ్రంథం మొదలయ్యేదే పని వదిలేస్తానన్న మనిషితో. అర్జునుడు విల్లు కింద పెట్టి, భిక్షమెత్తుకుని బతకడం మేలంటాడు. వినడానికి అది గొప్ప వైరాగ్యంలాగే ఉంటుంది. కృష్ణుడు మాత్రం ఒప్పుకోడు. చివరి అధ్యాయానికి వచ్చేసరికి త్యాగాన్ని మూడుగా విడదీసి చెబుతాడు. చేయవలసిన పనిని మోహంతో వదిలితే అది తామసం. కష్టంగా ఉందని, ఒళ్ళు అలుస్తుందని వదిలితే రాజసం. పని చేస్తూనే దాని మీద మమకారాన్ని, ఫలం మీద పట్టును వదిలితే అది సాత్వికం. ఈ కొలత పట్టుకుని చూస్తే మన కాలపు రాజీనామా పత్రాల్లో చాలావరకు రెండో వర్గంలోకి వెళ్తాయి. మేనేజర్‌తో పడటం లేదు, పొద్దస్తమానం మీటింగులు, ఊపిరాడటం లేదు. ఇవన్నీ నిజమైన బాధలే. బాధ భరించలేక బయటికి రావడంలో తప్పూ లేదు. దాన్ని త్యాగమనడానికి మాత్రం గీత ఒప్పుకోదు.

పైగా సినిమాకు వెళ్ళే మనిషి కోరికను వదలడం లేదు. నెలనెలా వచ్చే చిన్న ఫలాన్ని వదిలి, ఎప్పుడొస్తుందో తెలియని పెద్ద ఫలం వైపు వెళ్తున్నాడు. కోరిక ఉన్న మనిషిని చిన్నచూపు చూడాల్సిన పని లేదు. కోరికను కోరిక అని ఒప్పుకోవడమే మొదటి మెట్టు.

ఇక్కడే 'స్వధర్మం' అడ్డొస్తుంది. మనసుకు నచ్చిన పనే చేయమని చెప్పే వ్యక్తిత్వ వికాస ప్రసంగాల్లో ఈ మాట తరచు వినబడుతుంది. పరధర్మం కన్నా స్వధర్మమే మేలని గీతే చెప్పింది కదా, అందుకే బ్యాంకు వదిలి నటుడు కావాలి, అన్నట్టుగా వాడేస్తారు. గీతలో అర్జునుడి స్వధర్మం ఏది? అతను వదిలి పారిపోదామనుకున్నదే. అది పుట్టుకతో, వర్ణంతో వచ్చిన విధి. ఆ శ్లోకాన్ని ఉద్యోగం మారడానికి అనుమతి పత్రంగా వాడుకునే ముందు ఈ సంగతి నిజాయితీగా ఒప్పుకోవాలి. అయితే గీతలోనే స్వభావం అన్న మరో పట్టు ఉంది. జ్ఞాని కూడా తన ప్రకృతికి తగ్గట్టే నడుస్తాడని మూడో అధ్యాయం అంటుంది. కులం పోసిన అచ్చులోంచి బయటపడి, మనిషి స్వభావాన్నే ఆధారం చేసుకుని స్వధర్మాన్ని చదువుకోవడం ఈ కాలానికి న్యాయమే. అయితే స్వభావాన్ని తెలుసుకోవడం ఎలా? కల కన్నంత మాత్రాన అది బయటపడదు. పని చేస్తేనే తెలుస్తుంది.

అమోల్ పాలేకర్ దీనికి మంచి ఉదాహరణ. ఆయన బ్యాంక్ ఆఫ్ ఇండియాలో గుమాస్తాగా పనిచేస్తూనే బొంబాయి నాటకరంగంలో సత్యదేవ్ దూబే దగ్గర తయారయ్యారు. పగలు కౌంటరు, సాయంత్రం రిహార్సలు. 1974లో 'రజనీగంధ' వచ్చేనాటికే నటన ఆయనకు రోజువారీ సాధన. తర్వాత 'ఛోటీ సీ బాత్'లో, 'గోల్ మాల్'లో తెర మీద ఆయన వేసినవి కూడా ఆఫీసు మనుషుల పాత్రలే. ఆ మనుషులు ఆయనకు బయటివాళ్ళు కారు. అట్లాంటాలో ఉన్నప్పుడు కుకునూర్ కూడా అంతే, ఉద్యోగం చేస్తూనే నటన, దర్శకత్వం నేర్చుకున్నారు. రాజీనామా ఇచ్చాక స్వభావాన్ని వెతుక్కోవడం మొదలుపెట్టినవాళ్ళ కన్నా ఇలాంటివాళ్ళ అడుగు గట్టిది.

సరే, నటనే స్వభావం అని తేలిందనుకుందాం. అది మంచి పనేనా? ఈ ప్రశ్న మన సంప్రదాయానికి కొత్త కాదు. బౌద్ధ గ్రంథమైన సంయుత్త నికాయంలో తాలపుటుడనే నట నాయకుడి కథ ఉంది. జనాన్ని నవ్వించి రంజింపజేసే నటుడు చనిపోయాక నవ్వే దేవతల లోకానికి వెళ్తాడని పాత గురువులు చెబుతారు, తమరేమంటారు అని అతను బుద్ధుణ్ణి అడుగుతాడు. వద్దు, అడగకు అంటాడు బుద్ధుడు. రెండోసారి అడిగినా అదే జవాబు. మూడోసారి అడిగాక చెబుతాడు: రాగద్వేషమోహాలు వదలని జనం ముందు నటుడు వాటినే ఇంకా రెచ్చగొడతాడు. తాను మత్తులో ఉండి ఎదుటివాళ్ళనూ మత్తులో ముంచుతాడు. కాబట్టి అతను చేరేది స్వర్గం కాదు, నరకం. తాలపుటుడు ఏడుస్తాడు. బుద్ధుడు అలా అన్నందుకు కాదట ఆ ఏడుపు. ఇన్నాళ్ళూ గురువుల మాట నమ్మి మోసపోయినందుకట. తర్వాత భిక్షువై, అర్హతుడై, బౌద్ధ భిక్షువుల గాథల సంకలనం థేరగాథలో తన మనసునే నిలదీసే సుదీర్ఘ గాథలు మిగిల్చాడు. ఉద్యోగం వదిలి నటనకు వెళ్ళినవాళ్ళ కథలు చెప్పుకునే మనం, నటన వదిలి వెళ్ళిన ఈ మనిషి కథా తెలుసుకోవాలి.

దీనికి ఎదురుగా భరతుడి నాట్యశాస్త్రం నిలబడుతుంది. దుఃఖంలో ఉన్నవాళ్ళకు, అలసినవాళ్ళకు నాట్యం విశ్రాంతినిస్తుందని అది అంటుంది. నాట్యాన్ని అయిదో వేదంగా నిలబెడుతుంది. అయినా అదే గ్రంథం చివర, భరతుడి కొడుకులు ఋషులను ఎగతాళి చేసి శాపం తెచ్చుకున్న కథనూ దాచలేదు. కళను అంత ఎత్తున నిలబెట్టిన గ్రంథమే కళాకారుడు దారి తప్పే చోటునూ చూపించింది. బుద్ధుడి మాటకూ భరతుడి మాటకూ మధ్య ఒక్కటే తేడా కనిపిస్తుంది: చూసేవాడి మనసులో రేగిన భావం ఎటు పోతుంది అన్నది.

'డోర్' (2006) ఇక్కడ గుర్తుకు రావాలి. తన భర్త చేతిలో చనిపోయాడంటున్న మనిషి భార్యను వెతుక్కుంటూ హిమాచల్ నుంచి రాజస్థాన్‌కు వెళ్తుంది జీనత్. ఆ విధవరాలు సంతకం పెడితేనే సౌదీలో ఉరిశిక్ష తప్పుతుంది. క్షమించడం అంటే ఏమిటన్న ప్రశ్నను, ప్రవచనం లేకుండా, ఇద్దరు ఆడవాళ్ళ స్నేహం మీద నడిపిన సినిమా అది. మలయాళ చిత్రం 'పెరుమళక్కాలం' దానికి మూలం. ఆ సినిమాలో కుకునూర్ తనకోసం ఉంచుకున్నది చోప్రా అనే ఫ్యాక్టరీ యజమాని వేషం, ఆ విధవరాలి మీద కన్నేసే మనిషి. అంతకుముందు 'తీన్ దీవారే'లో ఉరిశిక్ష పడ్డ ఖైదీగా కనిపించారు. నటుడు వేషం కట్టినా విప్పినా మనిషిగా మనిషే అని వేదాంత గ్రంథం వివేకచూడామణి అంటుంది. కుకునూర్ వేసుకున్న వేషాలు చూస్తే తనను తాను గొప్పగా చూపించుకోవడానికి తెర ఎక్కిన మనిషిలా కనబడరు.

నటన వరకు ఇది తన బతుకు, తన మనసు. నిర్మాణం అలా కాదు. నిర్మాత కాగానే లెక్క తిరగబడుతుంది. జీతం వద్దనుకుని వచ్చిన మనిషి జీతాలు ఇవ్వవలసినవాడవుతాడు. లైట్‌మెన్, మేకప్, ప్రొడక్షన్, జూనియర్ ఆర్టిస్టులు, సాయంత్రానికి బేటా అందితేనే ఇంట్లో పొయ్యి వెలిగేవాళ్ళు ఇప్పుడు అతని చేతిలో ఉంటారు. ఫలం మీద ఆశ వద్దన్న మాట తన వాటాకే వర్తిస్తుంది. ఇతరుల కూలికి అది వర్తించదు. 'నేను ఫలాపేక్ష లేకుండా కళ కోసం తీశాను' అని చెప్పి, కూలీ బకాయి పెట్టినవాడు గీతను తలకిందులుగా చదివినట్టే. తిరిగి ఇవ్వకుండా తినేవాణ్ణి మూడో అధ్యాయం దొంగ అంటుంది.

గురుదత్ జీవితంలో ఇది కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. కలకత్తాలో లీవర్ బ్రదర్స్ కంపెనీలో టెలిఫోన్ ఆపరేటర్‌గా కొద్దికాలం పనిచేసి వదిలేసిన కుర్రాడు, తర్వాత నటుడూ దర్శకుడూ నిర్మాతా అయ్యాడు. మన 'రోజులు మారాయి'లో కనిపించిన వహీదా రెహ్మాన్‌ను హిందీకి తీసుకెళ్ళింది ఆయనే. 1957లో 'ప్యాసా' ఆడింది. 1959లో, భారతదేశపు మొదటి సినిమాస్కోప్ చిత్రం 'కాగజ్ కే ఫూల్' ఘోరంగా దెబ్బతింది. మనసుకు అతి దగ్గరైన సినిమా పోయాక మనిషి ఏం చేయాలి? ఆయన మళ్ళీ దర్శకుడిగా తన పేరు వేసుకోలేదు. నిర్మాతగా మాత్రం ఆగలేదు. మరుసటి ఏడే ఎం. సాదిక్ దర్శకత్వంలో 'చౌధ్వీ కా చాంద్' తీసి, సంస్థను నిలబెట్టుకున్నారు. విమర్శకులు ఆ సినిమాను 'ప్యాసా' సరసన పెట్టరు. స్వధర్మం గురించి మాట్లాడేటప్పుడు మాత్రం 'ప్యాసా'తో పాటు దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. తన కల కూలిన మరుసటి ఏడాది పదిమంది పని నిలబడటానికి తీసిన సినిమా అది. 1964లో, 39 ఏళ్ళకే ఆయన పోయారు. ఆ దుఃఖాన్ని ఏ సిద్ధాంతంలోనూ సర్దలేం.

ఇంకో ప్రశ్న మిగులుతుంది: వదలగలిగేది ఎవరు? గృహస్థు ఋణాలు తీర్చాకే మోక్షం వైపు చూడాలని ధర్మశాస్త్రాలు అన్నాయి. డాలర్లలో దాచుకున్నవాడు తన ఋణం తీర్చి బయలుదేరగలడు. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదివి, అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసి, హిందీ సినిమాకు వచ్చిన రాజ్ నిడిమోరు, కృష్ణ డి.కె.లకూ ఆ వెసులుబాటు కొంత ఉంది. తల్లి మందుల ఖర్చు, చెల్లెలి ఫీజు నెల జీతం మీదే ఆధారపడ్డ కుర్రాడికి అది లేదు. అతను ఆఫీసులోనే ఉండిపోతే పిరికివాడనకూడదు. స్వభావం ఎంత బలమైనదైనా, తన మీద ఆధారపడ్డవాళ్ళను వదిలి దాని వెంట వెళ్ళడాన్ని ధర్మం అనలేం. ఆ రాజ్, డి.కె.లే నిర్మించి 2021లో విడుదల చేసిన తెలుగు చిత్రం 'సినిమా బండి'లో, వీరబాబు అనే ఆటోడ్రైవర్‌కు తన బండిలో ఎవరో మరిచిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. దాంతో ఊరివాళ్ళను పెట్టి సినిమా తీయబోతాడు, వచ్చే డబ్బుతో ఊరు బాగుపడుతుందన్న ఆశతో. ఇక్కడ గీత కొలత కూడా తేలిగ్గా పనిచేయదు: ఫలం కావాలనే అతను పని మొదలుపెట్టాడు, ఆ ఫలం ఊరికోసం, చేతిలో ఉన్న పనిముట్టు మాత్రం వేరొకరిది.