పాత బుల్డోజరు కొనవచ్చునా?

చదువవలసిన భాగములు: లూకా 14:28–30; యెషయా 28:23–29; సామెతలు 22:7, 28



ఈ నెల ధ్యానమునకు మేమెన్నుకొన్న ప్రశ్న ఏ వేదాంత గ్రంథమునుండి తీసికొన్నది కాదు. అది మా గుడి వాకిట వేపచెట్టు క్రింద పుట్టినది. ఆదివారపు ఆరాధన ముగిసి అందరును వెళ్లిన తరువాత మా సంఘపు పెద్దలలో ఒక సహోదరుడు వెనుక నిలిచి, "అయ్యగారూ, ఒక పాత బుల్డోజరు అమ్మకానికి ఉండాది. తొమ్మిది లక్షలంటాండారు. గొర్రెల మంద అమ్మితే సగం వస్తాది, మిగతాది అప్పు చేస్తా. ప్రార్థన చేయండి" అనెను.

ప్రార్థన చేసితిమి. అయితే ప్రార్థన చేసినంత సులభముగా ఆలోచన చెప్పలేకపోతిమి. ఆ సంగతిని అప్పటినుండి మనస్సులో త్రిప్పుచునే యున్నాము. మీలో అనేకులకు ఇటువంటి ప్రశ్నయే ట్రాక్టరు విషయములోనో, బోరు విషయములోనో వచ్చియుండును గనుక దానిని మీ యెదుట పెట్టుచున్నాము.

ఆ సహోదరునికి పదునాలుగు ఎకరముల మెట్ట కలదు. పైభాగము గుట్టవాలు. నడుమ వంక కోసిన పెద్ద గండి. ఎటు చూచినను గుండ్లు, కంపచెట్లు. మన అనంతపురము సీమలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. అదియు ఒక్కొక్కయేడు రెండు మూడు కుండపోతలుగా పడి, ఎర్రమన్నును వంకలోనికి ఈడ్చుకొనిపోవును. ఆ తరువాత నెల గడచినను మబ్బు జాడ యుండదు. శనక్కాయ ఊడలు దిగు వేళకు వాన ముఖము చాటువేసిన సంవత్సరములెన్నో మీకే తెలియును. కాబట్టి చేను చదును చేసి, పడిన చుక్కను పడినచోటనే నిలుపవలెనను ఆయన కోరిక న్యాయమైనది.

యంత్రమే పాపమని చెప్పువారు మనలో కొందరు కలరు. మేమట్లు చెప్పజాలము. పొరుగు కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు సంగతి వినుడి. బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు 1369లో వేయించిన శాసనము ఆ చెరువు ప్రక్కన కలదు. దినమునకు వేయిమంది కూలీలు, రాతిపనికి నూరు బండ్లు, రెండేండ్లు పనిచేయగా ఆ చెరువు ముగిసెనని అందులో చెక్కబడియున్నది. ఆ వేయిమంది వెన్నులెంత నొచ్చెనో శాసనము చెప్పదు. నరుని వీపుమీది బరువును ఇనుము మోయుట దేవునికి అయిష్టమని మేము తలంచము. మొద్దుబారిన ఇనుముతో పనిచేయువాడు ఎక్కువ బలము ఖర్చుపెట్టవలెనని ప్రసంగి కూడ ఎరిగియుండెను (ప్రసంగి 10:10).

అయితే ఆ శాసనమందే మరియొక మాట కలదు. చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములను, రాకూడని ఆరు దోషములను అది లెక్కించుచున్నది. నీరు కొంచెమై నేల విస్తారమగుట యొక దోషము. నీరు విస్తారమై నేల కొంచెమగుట మరియొక దోషము. రెండు రాజ్యముల పొలిమేర మీద కట్టుటయు దోషమే. అనగా పని మంచిదైనను కొలత తప్పినచో అది దోషమగును. మన ప్రశ్నకు తాళపుచెవి ఇచ్చటనే యున్నదని మాకు తోచినది.

ఒక సోమవారమున మేమును, ఆ సహోదరుడును, మా యూరి మెకానిక్కును పోయి ఆ బండిని చూచితిమి. మెకానిక్కు చూచిన క్రమము మీకును ఉపయోగపడును గనుక వ్రాయుచున్నాము. మొదట ఆయన ఇంజనును చూడలేదు. వంగి చైనును చూచెను. చైను పిన్నులు, బుష్షులు, రోలర్లు, స్ప్రాకెట్టు పండ్లు ఎంత అరిగినవో పరీక్షించి, "అయ్యగారూ, చైను బండికి రిపేరు ఖర్చులో సుమారు సగము ఈ కాళ్లకే పోతాది" అనెను. స్ప్రాకెట్టు పండ్లు మొనదేలి యుండెను. రాత్రియంతయు చల్లబడిన ఇంజనును మన యెదుటనే స్టార్టు చేయించవలెననియు, ముందే వేడిచేసి పెట్టిన ఇంజను తన రోగమును దాచుననియు చెప్పెను. ఆయిలు మజ్జిగవలె తెల్లబారినచో అందులో నీళ్లు చేరినట్లే. గేరు ఆయిలులో ఇనుప రజను మెరిసినచో లోపల పండ్లు అరుగుచున్నట్లే. బ్లేడు చేతులకు వెల్డింగు అతుకులున్నచో వాటి చరిత్ర అడుగవలెను. ఆ బండికి గంటలు లెక్కపెట్టు మీటరు ఎప్పుడో ఆగిపోయియుండెను. పైన రంగు మాత్రము క్రొత్తది.

అమ్మువానిని మేము నిందింపము. కొనువాడు సరకు చెడ్డదని చెప్పి, కొని వెళ్లిన తరువాత అతిశయపడునని సామెతల గ్రంథము నవ్వుచున్నది (20:14). బేరములో తప్పు ఒక్క ప్రక్కనే యుండదు. రేపు మన సహోదరుడే ఆ బండిని అమ్మవలసివచ్చినచో, ఆ అతుకుల సంగతి దాచకుండ చెప్పగలడా? కొనకముందే ఈ ప్రశ్న వేసికొనవలెను.

పాత యంత్రములతో నేల బాగుచేయుట మన దేశమునకు క్రొత్త కాదు. స్వాతంత్ర్యము వచ్చిన దినములలో కేంద్ర ప్రభుత్వము సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్ అను సంస్థను పెట్టి, రెండవ ప్రపంచ యుద్ధము తరువాత అమెరికా సైన్యము వదలిపోయిన ట్రాక్టర్లతో మధ్య భారతమందలి రెల్లుగడ్డి బీళ్లను దున్నించెను. 1949లో ప్రపంచ బ్యాంకునుండి కోటి డాలర్ల అప్పు తెచ్చి క్రొత్త యంత్రములు కొనెను. ప్రభుత్వమునకు వర్క్‌షాపులు, మెకానిక్కులు, లక్షల ఎకరముల పని కలవు. మన సహోదరునికి ఉన్నవి పదునాలుగు ఎకరములు, ఒక స్పానరు పెట్టె.

ఇంటికి వచ్చి పలక తీసికొని లెక్క వేసితిమి. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనవలెనని మన ప్రభువు చెప్పిన మాట ఊరకనే చెప్పబడలేదు. ఆ చేనికి డెబ్బది గంటల పని యుండునని మెకానిక్కు అంచనా. దినమునకు ఎనిమిది గంటల చొప్పున తొమ్మిది దినములు. అంత బండి గంటకు పది పదిహేను లీటర్ల డీజిలు త్రాగును. పండ్రెండు లీటర్లని వేసికొన్నను డెబ్బది గంటలకు 840 లీటర్లు. ఇనుప చైను బండి గనుక అది రోడ్డుమీద నడువరాదు. తెచ్చుటకు, తీసికొనిపోవుటకు పెద్ద ట్రెయిలరు కావలెను. నడుపువానికి జీతము కావలెను. తొమ్మిది దినముల పనికై తొమ్మిది లక్షల బండి! అద్దెకు తెచ్చుకొన్నచో ఆ తొమ్మిది దినములకే డబ్బు చెల్లించి పంపివేయవచ్చును.

అప్పుడు ఆ సహోదరుడు, "నా చేను అయినాక ఊర్లో వాళ్లకు బాడిగకు తిప్పుతా కదా అయ్యగారూ" అనెను. మా హృదయము కలవరపడినది ఇచ్చటనే.

ఎద్దునకు ఆకలి కలదు. అయితే పని లేని దినమున ఎద్దు నీడను పండుకొని నెమరు వేయును. దాని పేడ చేనికి ఎరువగును. అప్పు చేసి కొన్న ఇనుము పండుకొనదు. అది కదలకుండ నిలిచిన దినమునను వడ్డి మేయుచునే యుండును. అప్పు చేయువాడు అప్పిచ్చినవానికి దాసుడగునని సొలొమోను చెప్పెను. మన కాలములో అతడు తన యంత్రమునకు కూడ దాసుడగుచున్నాడు. మొదట మన చేనికి బండి కావలెను. తరువాత బండికి చేలు కావలెను. చదును చేయ నక్కరలేని చేనిని చదును చేయుమని పొరుగువానికి బోధింతుము. అదియు చాలనప్పుడు చెరువు గర్భము, వంక ఇసుక, ఊరిగుట్ట మొరము కనబడును. "నేను త్రవ్వకున్న మరియొకడు త్రవ్వును" అను మాట నోటికి వచ్చును. ఏ మనుష్యుడును గుట్టను మ్రింగవలెనని బండి కొనడు. కంతు కట్టవలసిన తేదీ అతనిని గుట్ట యొద్దకు నడిపించును.

కావున "కొనగలనా?" అను ప్రశ్న చాలదు. "కొనిన తరువాత ఆపగలనా?" అని అడుగవలెను. ఆపుటకు స్వాతంత్ర్యము లేనివానికి ఆ యంత్రము మీద యజమానత్వము లేదు.

యెషయా ప్రవక్త వ్రాసిన కృషీవలుని చూడుడి. అతడు దినమెల్ల దున్నుచునే యుండడు. నేల చదునైన తరువాత దున్నుట మాని విత్తనము చల్లును. ఎచ్చట ఆపవలెనో అతనికి దేవుడే నేర్పెనని ప్రవక్త చెప్పుచున్నాడు. మన సీమలో ఈ జ్ఞానము మరింత అవసరము. మన ఎర్రనేలలలో అనేకచోట్ల మంచి మన్ను జానెడో మూరెడో మాత్రమే. దాని క్రింద గరుసు. తెలియనివాడు బ్లేడు దించి గీకినచో ఆ జానెడు మన్ను గట్టులో కలిసిపోయి, గరుసు పైకి తేలును. అటుతరువాత ఎన్నో యేండ్లు ఆ చేను కళ తప్పియుండును. పైమన్నును మొదట ప్రక్కకు తీసి కుప్పవేసి, అడుగు చదును చేసి, ఆ మన్నును మరల పరపించవలెను. గంటకింత అని డబ్బు తీసికొనువాడు తొందరలో ఈ పని వదలివేయును గనుక రైతు ప్రక్కననే నిలువవలెను. వాలు చేనినంతటిని బల్లవలె చేయ నక్కరయు లేదు. వాలునకు అడ్డముగా కాంటూరు గట్లు, క్రింద ఒక సేద్యపు కుంట అనేకచోట్ల చాలును.

కొన్ని నేలలకు అంత పనియు అక్కరలేదు. చెన్నేకొత్తపల్లి ప్రాంతమున టింబక్టు కలెక్టివ్‌ను స్థాపించినవారు 1990లో 32 ఎకరముల బీడు కొని, నిప్పును, మేపును అడ్డుకొని, వాన నీటిని నిలుపగా, ఆ నేలయే తన చెట్లను మరల మొలిపించుకొన్నది. నేలకు విశ్రాంతి యిచ్చుటయు ఒక సేద్యమే.

పొరుగువాని మాటయు కలదు. పోరుమామిళ్ల శాసనము పొలిమేర దోషమును చెప్పినట్లే, పితరులు నాటిన పొలిమేర రాతిని తీసివేయరాదని లేఖనము చెప్పుచున్నది. పూర్వము గడ్డపారతో ఆ రాతిని జరుపుటకు ఒక రాత్రి పట్టెడిది. బుల్డోజరుకు ఒక్క నిమిషము చాలును. నడుపువాడు "తెలియలేదు" అనును. గండి పూడ్చిన నీరు ఎవరి చేనిమీద పడునో చూడనివాడు రాతిని కదల్చకయే పొలిమేర దాటినవాడగును.

కూలీలను కూడ తలంచుకొందము. 2006 ఫిబ్రవరి 2వ తేదీన అప్పటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగుగారు గ్రామీణ ఉపాధి హామీ పథకమును ప్రారంభించినది మన జిల్లాలోని నార్పల మండలము బండ్లపల్లిలోనే. కూలీల పనిని యంత్రములు లాగుకొనరాదని ఆ పథకమందు నియమముండెను. గండి పూడ్చుటకు బుల్డోజరు రావచ్చును. కాని చిన్న రాళ్లు ఏరి కట్ట పేర్చు పనిని మన సంఘపు స్త్రీలకు విడిచినచో, ఎండకాలములో నాలుగిండ్లలో పొయ్యి వెలుగును.

ఇన్ని లెక్కలు చెప్పిన మేము అడుగవలసిన మొదటి ప్రశ్నను మరచితిమి. ఒక సాయంకాలము ఆ సహోదరుని భార్య మా యింటికి వచ్చి, "అయ్యగారూ, ఆయన బండి కోసరము ఏడ్వడము లేదు. చేను చదునైతే పెద్దోడు బెంగుళూరు నుంచి వస్తాడని ఆయన ఆశ" అనెను. మాకు సిగ్గు కలిగెను. డీజిలు లెక్క వేసిన మా పలకమీద ఆ కుమారుని పేరు లేకపోయెను. తండ్రి కొనగోరినది బుల్డోజరును కాదు. అతడు కొనగోరినది కుమారుని రాకను. అది ఏ యార్డులోను అమ్మకమునకు లేదు.

మేము ఫోనులో ఆ కుమారునితో మాటలాడితిమి. అతడు కొంతసేపు ఊరకుండి, "నాయనను మంద అమ్మొద్దని చెప్పండి అయ్యగారూ. పదినాళ్లు సెలవు పెట్టి వస్తా" అనెను. వచ్చెను. ఇరువది గంటలకు బండిని అద్దెకు తెచ్చి గండిని పూడ్చిరి. క్రింది అయిదెకరములు మాత్రము పైమన్ను చెడకుండ చదును చేసిరి. తండ్రి బ్లేడు ముందర, కుమారుడు వెనుక నడచిరి. పదునొకండవ దినమున కుమారుడు బస్సెక్కి వెళ్లిపోయెను. మరల వచ్చి సేద్యము చేయునో లేదో మేమెరుగము. గొర్రెల మంద మాత్రము దొడ్డిలోనే యున్నది.

అందరును అద్దెకే తెచ్చుకొనవలెనని మేము ఆజ్ఞ పెట్టుట లేదు. నాలుగైదు కుటుంబములు కలిసి, నడుపనెరిగినవాడు, బాగుచేయనెరిగినవాడు తమలోనే యుండి, అప్పు లేకుండ, చేయవలసిన పనిని ముందే వ్రాసికొని కొన్నచో అది జ్ఞానమే కావచ్చును. అయితే చేవ్రాలు చేయకముందు ఒక రాత్రి దేవుని యెదుట కూర్చుండి వీటిని అడుగుకొనుడి: ఈ పని ఎన్ని గంటలు? అది ముగిసిన మరునాడు ఈ బండి ఏమి తినును? నా పొరుగువాడు దీని శబ్దము విని సంతోషించునా, భయపడునా? నేను నిజముగా కోరుచున్నది ఇదేనా?

ఆ నాలుగవ ప్రశ్నకు జవాబు దొరకువరకు సంచి ముడి విప్పకుడి. పని చేయుటకు బలమును, చాలునని ఆపుటకు కృపయు ప్రభువు మనకందరికి అనుగ్రహించును గాక. ఆమేన్.