మనశ్శాంతి ఎవరి పూచీ?

ఉగాదినాడు పంచాంగం ప్రతి రాశికీ ఆదాయవ్యయాలతోబాటు రాజపూజ్యం, అవమానం కూడా అంకెలు వేసి చెబుతుంది. ఈ ఏడాది మనిషికి ఎంత మన్నన, ఎంత నొప్పి రాసిపెట్టి వున్నదో ముందే లెక్కగట్టే ప్రయత్నమది. నేటి హితబోధకులు ఈ లెక్కను తోసిపుచ్చారు. కొత్త సంవత్సరంనాడూ, అక్టోబరు 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినంనాడూ వారు వేరొక చిట్టా చేతికిస్తారు: పెందలాడే పడుకో, తెల్లవారుజామునే నడువు, ధ్యానం చెయ్యి, వున్నదానితో తృప్తిపడు, ఏడాది పొడుగునా నీ మనస్సును నువ్వే కాపాడుకో. పంచాంగం భారాన్ని గ్రహాలమీద పెట్టింది. హితబోధకుడు వ్యక్తిమీద పెట్టాడు. రెండు లెక్కల్లోనూ సంఘం మాత్రం నిర్దోషిగానే తప్పుకుంటున్నది.

ఇక్కడ వొక నైతిక ప్రశ్న తలెత్తుతుంది. మనస్సును ఆరోగ్యంగా వుంచుకోవడం వ్యక్తి ధర్మమేనా? ధర్మమే అయితే దాన్ని నెరవేర్చలేనివాడు దోషి కావాలి. పరీక్షల భయంతో నిద్రపట్టని విద్యార్థి, దిగులుతో మంచం దిగలేని గృహిణి, అప్పులవాళ్ల ముఖం చూడలేని కౌలుదారు, వీరంతా కర్తవ్యం తప్పినవారేనా?

అవునని స్పష్టంగా ఎవరూ అనరు. కాని చిత్తస్థైర్యమే సర్వమనే భావవాదం చివరకు అక్కడికే చేరుతుంది. ఈ వాదానికి గౌరవనీయమైన చరిత్ర లేకపోలేదు. బాధ సంఘటనలలో లేదు, వాటిమీద మనం చేసుకునే నిర్ణయంలో వున్నదని బోధించిన ఎపిక్టెటస్ రోము సామ్రాజ్యంలో బానిస. తన దేహంమీదనే హక్కులేని మనిషికి మనస్సొక్కటే మిగిలిన సొత్తు. ఆ సొత్తును యజమాని కబ్జాచేయకుండా కాపాడుకోవడం ఆయన దృష్టిలో స్వాతంత్ర్యమే. అయితే ఆ మాటనే యజమాని బానిసకు బోధిస్తే దాని అర్థం తలకిందులవుతుంది. బానిస నోట ఆత్మరక్షణగా వున్నది యజమాని నోట ఆజ్ఞ అయి కూర్చుంటుంది. కనుక ఏ హితవునైనా ఎవరు, ఎవరికి, ఏ స్థానంనుంచి చెబుతున్నారో చూడకుండా దాని విలువ కట్టలేము.

ఇక వాస్తవాలు చూద్దాం. 1897లో ఫ్రెంచి సాంఘిక శాస్త్రజ్ఞుడు ఎమిల్ డర్క్‌హైమ్ ఆత్మహత్యలమీద వొక గ్రంథం ప్రచురించాడు. చలీ చీకటీ మనుషులను కుంగదీస్తాయని అందరూ అనుకుంటారు. కాని ఐరోపా దేశాల లెక్కల్లో ఆత్మహత్యలు జనవరినుంచి జూన్‌దాకా పెరిగి, తరువాత తగ్గుతున్నాయని ఆయన చూపించాడు. ఎండ వేడిమి ఇందుకు కారణం కాదనీ, పగలు పొడుగయ్యేకొద్దీ సాంఘిక జీవితపు ఒత్తిడి పెరగడమే కారణమనీ వాదించాడు. ఆయన వివరణనంతా నేడు మనం ఒప్పుకోనక్కరలేదు. అత్యంత రహస్యమైనదిగా కనిపించే దుఃఖానికి కూడా వొక సాంఘిక క్యాలెండరు వుంటుందన్న గుర్తింపు మాత్రం నిలిచేదే.

మన ప్రాంతంలోనూ అట్లాంటి క్యాలెండర్లున్నాయి. ఇంటర్మీడియట్ విద్యార్థికి ఏడాది జూన్‌లో ఫీజుతో మొదలవుతుంది. వారం వారం పరీక్షలతో, ర్యాంకుల పట్టికతో సాగి, మార్చిలో పబ్లిక్ పరీక్షలకు, ఆపైన ఫలితాలకు, ప్రవేశ పరీక్షలకు చేరుతుంది. వరంగల్, ఆదిలాబాద్ ప్రాంతాల పత్తి కౌలుదారుకు కూడా ఏడాది జూన్ వానతోనే మొదలవుతుంది. పట్టా తన పేర లేదు కనుక బ్యాంకు అప్పు దొరకడం కష్టం. విత్తనానికీ ఎరువుకూ వడ్డీ వ్యాపారి ఇంటికే నడవాలి. పత్తి ఏరే రోజుల్లో ధర ఎంత పలుకుతుందో తెలియదు. ఈ ఇద్దరికీ, జీతం వొకటో తేదీన చేతికందే ఉద్యోగికీ ఏడాది పొడుగునా పాటించమని వొకే చిట్టా ఇవ్వడం సమానత్వం అనిపించుకోదు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. మార్కుల లెక్కల్లో తప్పులు దొర్లినట్లు తరువాత తేలింది. తెలుగులో సున్నా వచ్చినట్లు ప్రకటించిన వొక జవాబు పత్రానికి తిరిగి చూస్తే 99 మార్కులు వచ్చాయి. ఏ ప్రాణమైనా వొక్క కారణంతోనే పోయిందని అనలేము. కాని సున్నాకూ తొంభైతొమ్మిదికీ మధ్య వున్న దూరాన్ని ధ్యానంతో దాటమని పిల్లలకు చెప్పగల ధైర్యం ఎవరికుంది?

ఇంతవరకూ మన పాఠకులు నాతో ఏకీభవిస్తారు. ఏకీభవించడం సులభమైన చోటనే మన శిబిరంలోని పొరపాటు దాగివుంది. దోపిడీ పోతే దిగులు పోతుంది, అంతదాకా మనస్సుగురించి మాట్లాడడం మధ్యతరగతి విలాసం అన్న ధోరణి మనలో లేదా? నాలుగు నెలలుగా సమావేశాలకు రాని కార్యకర్తను నిబద్ధత లేనివాడని తీర్మానించి వూరుకున్న సందర్భాలు లేవా? ఇది భౌతికవాదం కాదు; యాంత్రికవాదం. మెదడు కూడా పదార్థమే. దిగులు వ్యాధిగా ముదిరినప్పుడు మలేరియాకువలెనే వైద్యం కావాలి. బాగా బతికే ఇంట్లోకి, పోరాడే మనిషిలోకి కూడా అది వస్తుంది.

పైగా బాధ దానంతట అదే తిరుగుబాటు అవుతుందన్న నమ్మకానికి చరిత్ర ఆధారం ఇవ్వదు. వియన్నా దగ్గర మారియెన్తాల్ అనే గ్రామంలో బట్టల మిల్లు 1929–30లో మూతపడి వూరంతా పని కోల్పోయింది. మారీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ సైజెల్ అనే పరిశోధకులు ఆ వూరిని పరిశీలించి 1933లో పుస్తకం వెలువరించారు. తీరిక కావలసినంత వున్నా, గ్రంథాలయంనుంచి తీసుకుపోయే పుస్తకాల సంఖ్య రెండేళ్లలో దాదాపు సగానికి పడిపోయింది. మగవాళ్ల నడక మందగించింది. పొద్దుటినుంచి ఏం చేశారంటే చెప్పలేకపోయేవారు. కార్మిక పత్రిక చందాదారులు కూడా తగ్గిపోయారు. ఆకలి వారిని సంఘటితం చేయలేదు, కాలమంటే ఏమిటో మరిచిపోయేటట్లు చేసింది. విరిగిన మనస్సు పోరాడదు. కనుక మనస్సుల సంరక్షణ పోరాటం ముగిశాక దక్కే బహుమానం కాదు. పోరాటం సాగడానికే అది అవసరం.

ఈ రెండు పొరపాట్లనూ దాటినవాడు ఫ్రాంజ్ ఫానన్. 1953లో అల్జీరియాలోని బ్లిడా మానసిక వైద్యశాలలో వైద్యుడుగా చేరాడు. ఐరోపా స్త్రీల వార్డులో ఫలించిన సామూహిక చికిత్స ముస్లిం పురుషుల వార్డులో విఫలమైంది. రోగులను తప్పుపట్టకుండా ఆయన పద్ధతినే మార్చాడు. వారి జీవితానికి చెందిన కాఫీ అంగడినీ, పండుగలనూ, కథకుణ్ణీ ఆస్పత్రిలోకి తెచ్చాడు. మనుషులను నిత్యం పిచ్చివాళ్లను చేసే వలసపాలనలో వైద్యం వొక్కటే చాలదని గ్రహించి 1956లో రాజీనామా చేసి, స్వాతంత్ర్య పోరాటంలో నిలిచాడు. అక్కడికి వెళ్లాక కూడా రోగులను చూడడం మానలేదు. వ్యవస్థను ఎదిరించడమూ, ఎదుటనున్న మనిషి చెయ్యి పట్టుకోవడమూ ఆయనకు రెండు వేర్వేరు పనులు కాలేదు.

దీనినిబట్టి మనకు తేలేదేమిటి? నిద్ర, నడక, స్నేహం, చదువు, అవసరమైతే వైద్యుడు: ఇవి మనిషి తనకు తాను చేసుకోదగిన మేళ్లు. చేసుకోలేకపోవడం నేరం కాదు. అవి చేసుకోగల వీలు కల్పించడం మాత్రం సంఘం బాకీ. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, వ్యాధినిబట్టి, రోగులలో నూటికి 70నుంచి 92మందికి చికిత్స అందడంలేదు. 2017 చట్టం ఈ చికిత్సను హక్కుగా ఒప్పుకున్నది. 2022 అక్టోబరునుంచి 14416 నంబరుకు ఫోను చేస్తే ఉచితంగా సలహా చెప్పే టెలి-మానస్ వుంది. 2025 జూలైలో సుప్రీంకోర్టు, నూరుగురు అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కనీసం వొక శిక్షితుడైన సలహాదారు వుండాలనీ, మార్కులనుబట్టి పిల్లలను వేరువేరు బ్యాచీలుగా విడదీయరాదనీ చెప్పింది. కాగితంమీది హక్కు కళాశాల గేటు దాటి లోపలికి రావాలంటే విద్యార్థి సంఘాలూ, ఉపాధ్యాయ సంఘాలూ జూన్‌నుంచే అడుగుతూ వుండాలి. ఏప్రిల్‌లో సంతాప తీర్మానాలు చేయడం అందుకు బదులు కాదు.

చివరకు ప్రశ్న వ్యక్తిగతంగా మన ముందుకే వస్తుంది. ఫిబ్రవరిలో వొక విద్యార్థి ఉపాధ్యాయుడి దగ్గరికి వచ్చి, నిద్రపట్టడంలేదు సార్, బతకాలని లేదు అంటాడు. నీ మనస్సును నువ్వే గట్టిచేసుకో అనడం క్రూరత్వం. ఇది పెట్టుబడిదారీ విద్యావిధానపు ఫలితం అనడం నిజమే కావచ్చు, కాని ఆ రాత్రికి ఆ నిజం అతనికి తోడురాదు. అతన్ని వొంటరిగా పంపించకుండా పక్కన కూర్చోవాలి, వినాలి, ఇంటివాళ్లకు కబురుపెట్టాలి, వైద్యుడి దగ్గరికి వెంట వెళ్లాలి. మర్నాడు ఆ ర్యాంకుల పట్టిక గోడమీదనుంచి దిగాలని యాజమాన్యంతో పోట్లాడాలి. ఈ రెండు పనుల్లో వొకటి చేసి రెండోది మానినవాడు సగం బాకీ మాత్రమే తీర్చినవాడవుతాడు.